చెట్లు కోసే మిషన్‌కి ‘వంద నంబరు’ పెట్రోలు అవసరమా?

ఖరీదైన పెట్రోలు పోస్తే చైన్‌సా బలంగా కోస్తుందని చాలామంది నమ్మకం. ఆక్టేన్ సంఖ్య నిజంగా చెప్పేదేమిటి? ఆ చిన్న ఇంజనుకు కావలసిందేమిటి?

ఢిల్లీలో మే, జూన్ నెలల్లో ఆకాశం ఉన్నట్టుండి పసుపు రంగుకు తిరిగితే జనం గబగబా కిటికీలు మూసేస్తారు. ‘ఆంధీ’ వస్తోందని అర్థం. దుమ్మును మోసుకొచ్చే ఆ ఈదురుగాలి కాసేపట్లోనే సద్దుమణుగుతుంది. ఆ కాసేపట్లోనే వేపలు, నేరేళ్లు, జువ్వి చెట్లు రోడ్లకు అడ్డంగా పడిపోతాయి. 2025 మే 2 తెల్లవారుజామున వచ్చిన గాలివానకు నజఫ్‌గఢ్ ప్రాంతంలో ఒక గదిపై వేపచెట్టు కూలి తల్లి, ముగ్గురు పిల్లలు చనిపోయారు. అలాంటి వేళ అగ్నిమాపక సిబ్బంది అయినా, ఉద్యానవన విభాగం వాళ్లయినా, రోజు కూలికి వచ్చే పనివాళ్లయినా మొదట అందుకునేది చైన్‌సానే. అంటే పెట్రోలుతో నడిచే చెట్లు కోసే రంపం. అది ఆ క్షణంలో స్టార్ట్ కావాలి, ఆగకుండా కోయాలి.

అలాంటి ఒక గాలివాన మర్నాడు నోయిడాలో మా కాలనీ గేటు ముందు పడిన వేపచెట్టును నలుగురు కోస్తుంటే చూస్తూ నిలబడ్డాను. మిషన్ రెండు నిమిషాలు నడవడం, మానులోకి పళ్లు దిగగానే గొంతు పూడుకుపోయినట్టు ఆగిపోవడం, ఇదే వరస. మిషన్ పట్టుకున్న పెద్దాయన చిరాకుగా తాడు లాగుతూ అన్నారు: “మామూలు పెట్రోల్లో దమ్ము లేదు సార్. వంద నంబరు పోస్తే చూడండి, అరటి బోదెను కోసినట్టు కోస్తుంది.”

వెంట ఉన్న కుర్రాడికి డబ్బులిచ్చి బంకుకు పంపారు. లీటరు ‘వంద నంబరు’ వచ్చింది. పాత డబ్బాను పక్కన పెట్టి, కొత్త పెట్రోలులో ఆయిల్ కొలిచి కలిపి పోశారు. ఈసారి మిషన్ ఆగలేదు. అరగంటలో మాను ముక్కలైంది. “చూశారా?” అన్నారాయన.

ఆయన చూసింది నిజమే. చెప్పిన కారణం మాత్రం నిజం కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోతే పనివాడి జేబుకు ఎలా చిల్లు పడుతుందో, ఇంజను ఎలా పాడవుతుందో ఈ వ్యాసంలో చూద్దాం.

ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు

సైకిలు పంపు నోటిని వేలితో మూసి గట్టిగా నొక్కితే పంపు అడుగు భాగం వేడెక్కుతుంది. గాలిని హఠాత్తుగా నొక్కితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. పెట్రోలు ఇంజనులోనూ ఇదే జరుగుతుంది. పిస్టన్ పైకి వస్తూ గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. అది వేడెక్కుతుంది. సరైన క్షణంలో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది. గడ్డివాముకు ఒక పక్క నిప్పంటుకుంటే మంట రెండో పక్కకు పాకినట్టు, ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండరు గోడల దాకా పాకుతుంది. పీడనం క్రమంగా పెరిగి పిస్టన్‌ను కిందికి నెడుతుంది.

ఇదంతా సవ్యంగా సాగితేనే. మంట పాకుతున్నప్పుడు ఇంకా కాలని మిశ్రమం మూలల్లో మిగిలి ఉంటుంది. వెనక నుంచి వస్తున్న మంట దాన్ని మరింత నొక్కుతుంది, మరింత వేడెక్కిస్తుంది. మంట వచ్చి అంటుకునే దాకా అది ఆగితే సరే. ఆగలేక తనంతట తానే భగ్గుమంటే సిలిండరులో పీడన తరంగాలు పుట్టి గోడలను, పిస్టన్ తలను సుత్తితో కొట్టినట్టు కొడతాయి. దీన్నే ‘నాకింగ్’ అంటారు. ఎక్కువసేపు సాగితే పిస్టన్ పైభాగం గుంతలు పడుతుంది, రింగులు విరుగుతాయి.

ఈ తొందరపాటును పెట్రోలు ఎంతవరకు ఆపుకోగలదో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. సంఖ్య ఎక్కువైతే ఓర్పు ఎక్కువ. అంతే తప్ప ఇంధనంలో ఎంత శక్తి దాగి ఉందో అది చెప్పదు.

ఈ కొలబద్ద ఎలా వచ్చిందో తెలిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1926లో అమెరికా రసాయన శాస్త్రవేత్త గ్రాహం ఎడ్గర్ రెండు ద్రవాలను కొలమానానికి రెండు కొసలుగా ప్రతిపాదించారు. ఒకటి నార్మల్ హెప్టేన్. దీని అణువులో ఏడు కార్బన్‌లు వరసగా ఒక తాడులా ఉంటాయి. ఇది ఇట్టే నాక్ చేస్తుంది కాబట్టి దీనికి సున్నా. రెండోది ఐసో ఆక్టేన్. దీని అణువు కొమ్మలున్న చెట్టులా ఉంటుంది. అంత సులువుగా నాక్ చేయదు కాబట్టి దీనికి 100. ఒక పెట్రోలుకు 91 వచ్చిందంటే, అది 91 శాతం ఐసో ఆక్టేన్, 9 శాతం హెప్టేన్ కలిపిన మిశ్రమంలా ప్రవర్తిస్తోందని అర్థం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కిలో హెప్టేన్‌ను కాలిస్తే వచ్చే వేడి సుమారు 44.6 మెగాజౌళ్లు. కిలో ఐసో ఆక్టేన్ ఇచ్చేది సుమారు 44.3 మెగాజౌళ్లు. ఆక్టేన్ పరీక్షలో సున్నా తెచ్చుకున్నదీ, వందకు వంద తెచ్చుకున్నదీ ఇచ్చే వేడి దాదాపు సమానం. పైగా సున్నాదే పిసరంత ఎక్కువ! ‘వంద నంబరులో దమ్ము ఎక్కువ’ అనే మాట ఇక్కడే వీగిపోతుంది.

ఒక పెట్రోలు, రెండు నంబర్లు

ఆక్టేన్‌ను కొలవడానికి 1920ల చివర్లో ఒక ప్రత్యేక ఇంజను తయారైంది. ఒకే సిలిండరు. మిశ్రమాన్ని ఎంతగా నొక్కాలో ఇంజను నడుస్తుండగానే మార్చుకోవచ్చు. నేటికీ ఆ తరహా ఇంజనుతోనే పరీక్షిస్తారు. నిమిషానికి 600 చుట్ల వేగంతో, తేలికపాటి పరిస్థితుల్లో కొలిస్తే వచ్చేది రీసెర్చ్ ఆక్టేన్ నంబర్, అంటే రాన్. 900 చుట్ల వేగంతో, మిశ్రమాన్ని 149 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి కొలిస్తే వచ్చేది మోటార్ ఆక్టేన్ నంబర్, అంటే మాన్. రెండోది కఠిన పరీక్ష కాబట్టి మార్కులు తక్కువ వస్తాయి.

మన దేశంలో బంకు మీద కనిపించేది రాన్. అమెరికాలో రాన్, మాన్‌ల సగటు రాస్తారు. అందుకే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన బంధువు “ఇక్కడ మామూలుగా 87 పోయిస్తాం” అంటే, అది మన లెక్కలో 91కి దగ్గరది. చైన్‌సా గురించి ఇంటర్నెట్‌లో చదివేవాళ్లు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. అక్కడివాళ్లు ‘89కి తగ్గకుండా వాడండి’ అని రాసిన సలహాను మన నంబరుగా చదివితే పొరపాటు.

చైన్‌సాకు ఎంత ఓర్పు కావాలి?

పెట్రోలు చైన్‌సాలో ఉండేది సాధారణంగా టూ-స్ట్రోక్ ఇంజను. పాత ఆటోలు, స్కూటర్లలో ఉన్న రకమే. పరిమాణం 50, 60 సీసీలు ఉంటుంది. కానీ వేగం చూస్తే కళ్లు తిరుగుతాయి. ఖాళీగా తిరిగేటప్పుడు గరిష్ఠంగా నిమిషానికి 12,000 నుంచి 14,000 చుట్లు.

నాకింగ్‌కు కావలసింది వేడి, పీడనం మాత్రమే కాదు. సమయం కూడా కావాలి. మూలన ఉన్న మిశ్రమం భగ్గుమనడానికి ముందు దానిలో కొన్ని రసాయన చర్యలు జరగాలి. అవి జరిగేలోపే మంట అక్కడికి చేరితే నాకింగ్ ఉండదు. లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 600 చుట్లు తిరిగే పరీక్షా ఇంజనులో ఒక చుట్టుకు 100 మిల్లీసెకన్లు పడుతుంది. మంట పాకడానికి చుట్టులో తొమ్మిదో వంతు పడుతుందనుకుంటే అది 11 మిల్లీసెకన్లు. 12,000 చుట్ల దగ్గర ఒక చుట్టుకు 5 మిల్లీసెకన్లే. అందులో తొమ్మిదో వంతు అంటే అర మిల్లీసెకనుకు కాస్త ఎక్కువ. మిశ్రమం తొందరపడటానికి దొరికే సమయం ఇరవయ్యో వంతుకు పడిపోయింది.

మరో అనుకూలత సిలిండరు చిన్నది కావడం. కారు సిలిండరులో మంట నాలుగు సెంటీమీటర్ల దూరం పాకాల్సి వస్తే, చైన్‌సాలో రెండు సెంటీమీటర్ల పైచిలుకు పాకితే చాలు. మూల అనేదే దగ్గరగా ఉంటుంది.

ప్రతికూలతలూ ఉన్నాయి. ఈ ఇంజనుకు నీటి చల్లదనం లేదు, గాలే దిక్కు. కారు ఇంజను రెండు చుట్లకు ఒకసారి మండితే ఇది ప్రతి చుట్టుకూ మండుతుంది. ముందటి చుట్టులో కాలిన వేడి వాయువు కొంత సిలిండరులోనే మిగిలిపోతుంది. దానికి తోడు ఢిల్లీ మే నెల ఎండ, 45 డిగ్రీల గాలి. అందుకే ఓర్పు అసలు అక్కర్లేదని అనలేం. ఒక కనీస మట్టం కావాలి. స్టిల్, హస్క్‌వర్నా వంటి ప్రధాన తయారీదారుల మాన్యువళ్లలో సాధారణంగా కనిపించే ఆ కనీస మట్టం 90 రాన్.

ఇప్పుడు ఢిల్లీ బంకుకు వెళ్దాం. బీఎస్-4 కాలం నుంచి మామూలు పెట్రోలుకు కనీస ఆక్టేన్ 91. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 వచ్చాక అది 95కి చేరింది. అంటే అతి చవక పెట్రోలే చైన్‌సాకు కావలసిన కనీస మట్టాన్ని దాటేసింది. ఆపైన వచ్చే ప్రతి అంకెకూ చెల్లించే డబ్బు ఈ ఇంజను వాడుకోలేని ఓర్పు కోసమే.

‘మా కారులో తేడా కనిపిస్తోంది కదా’ అని కొందరు అడగవచ్చు. కొన్ని కార్లలో నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. పెట్రోలుకు ఓర్పు ఎక్కువుందని తెలిస్తే కంప్యూటర్ నిప్పురవ్వను కాస్త ముందుగా వేయించి, ఎక్కువ పని రాబడుతుంది. అధిక ఆక్టేన్ కోసమే రూపొందించిన ఇంజన్లకు లాభం నిజమే. మామూలు చైన్‌సాలో అలాంటి సెన్సర్ ఉండదు. మీరు 91 పోసినా 100 పోసినా నిప్పురవ్వ పడే క్షణం మారదు.

బలమంతా గాలిలో ఉంది

ఓర్పు సంగతి తేలింది. మరి కోతకు కావలసిన బలం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజను ఒక చుట్టులో ఎంత గాలిని పీల్చుకోగలదనే దానికి హద్దు ఉంది. ఎంత గాలి వస్తే అంత పెట్రోలునే కాల్చగలదు. కాబట్టి ‘లీటరు పెట్రోలులో ఎంత శక్తి ఉంది’ అనే దానికన్నా ‘కిలో గాలితో ఈ ఇంధనం ఎంత వేడి ఇస్తుంది’ అనేది సరైన ప్రశ్న.

కిలో పెట్రోలును పూర్తిగా కాల్చడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. వచ్చే వేడి 43 మెగాజౌళ్లు. భాగిస్తే కిలో గాలికి 2.9 మెగాజౌళ్లు. ఇథనాల్ కిలోకు ఇచ్చే వేడి 26.8 మెగాజౌళ్లే, కానీ దానికి కావలసిన గాలి కూడా 9 కిలోలే. భాగిస్తే కిలో గాలికి దాదాపు 3 మెగాజౌళ్లు. రెండూ ఇంచుమించు సమానమే!

అంటే కార్బ్యురేటర్ సరిగ్గా కుదిరి ఉంటే, ఏ పెట్రోలు పోసినా చైన్‌సా ఇచ్చే బలంలో పెద్ద తేడా రాకూడదు. ఇథనాల్ ఎక్కువైతే తేడా వచ్చేది ఖర్చులో. ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే ఈ20 లీటరుకు సుమారు 7 శాతం తక్కువ వేడి ఇస్తుంది కాబట్టి, అదే పనికి టాంకు కాస్త త్వరగా ఖాళీ అవుతుంది.

‘కార్బ్యురేటర్ సరిగ్గా కుదిరి ఉంటే’ అన్న మాటలోనే అసలు కథ ఉంది.

మరి ఆ రోజు ఏం మారింది?

మా గేటు ముందు ఆ పెద్దాయన చేసింది ఒక ప్రయోగమే. కానీ ఆయన ఒకటి మార్చాననుకున్నారు. నిజానికి మూడు మారాయి.

మొదటిది ఆక్టేన్. ఇది బలాన్ని పెంచదని చూశాం.

రెండోది ఇథనాల్. మన దేశంలో పెట్రోలులో సగటున 10 శాతం ఇథనాల్ లక్ష్యం 2022లో నెరవేరింది. ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతటా విస్తరించింది. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరు 1న ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాతో సహా పది నగరాల్లో విడుదల చేసిన ఎక్స్‌పీ100ను మాత్రం ఇథనాల్ కలపని పెట్రోలుగా అమ్ముతున్నారు. పనివాళ్లు ‘వంద నంబరు’ అనేది ఇలాంటి వంద ఆక్టేన్ పెట్రోలునే.

ఇథనాల్‌కు తక్కువ గాలి చాలని చూశాం. ఆ లెక్కన ఈ20కి కిలోకు 13.5 కిలోల గాలి సరిపోతుంది. కానీ పాత తరహా కార్బ్యురేటర్‌కు ఈ సంగతి తెలియదు. దాని స్క్రూలు ఎక్కడ బిగించి ఉంటే అక్కడే ఉంటాయి. ఇథనాల్ లేని పెట్రోలుకు సరిచేసిన మిషన్‌లో ఈ20 పోస్తే, అవసరమైనదానికన్నా సుమారు 8, 9 శాతం గాలి ఎక్కువవుతుంది. మెకానిక్కులు దీన్నే ‘లీన్’ అయిందంటారు. లీన్ మిశ్రమం ఇంజనును వేడెక్కిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు రివ్వున తిరుగుతుంది, బరువు పడగానే చతికిలపడుతుంది. ఆ రోజు మేం చూసింది ఇదే లక్షణం. ఇథనాల్ లేని పెట్రోలు పోయగానే మిశ్రమం తిరిగి తన పాత పాళ్లకు వచ్చింది. ‘దమ్ము’ వచ్చినట్టు అనిపించింది.

అందుకే చేత్తో సరిచేసే కార్బ్యురేటర్ ఉన్న తమ మిషన్లలో 10 శాతం మించి ఇథనాల్ ఉన్న పెట్రోలు వాడొద్దని స్టిల్ మాన్యువళ్లు చెబుతాయి. ఇంధన పాళ్లను ఎలక్ట్రానిక్స్ ద్వారా తనంతట తానే సరిచేసుకునే ఎం-ట్రానిక్ మోడళ్లకు అదే కంపెనీ 27 శాతం దాకా అనుమతిస్తోంది. పెట్రోలు అదే, ఇంజను సూత్రమూ అదే. తేడా అంతా మారిన ఇంధనాన్ని గుర్తించి సర్దుకునే శక్తి ఉందా లేదా అన్నదే.

మూడోది వయసు. పక్కన పెట్టిన పాత డబ్బాలో మిశ్రమం ఎప్పటిదని అడిగితే “హోలీ ముందు కలిపింది” అన్నారు. అంటే రెండు నెలల పైమాటే, అదీ రేకుల షెడ్డులో. పెట్రోలు ఒకే ద్రవం కాదు, వందల రకాల అణువుల కలగలుపు. వాటిలో తేలికైనవి ముందుగా ఆవిరైపోతాయి. ఇంజను తేలిగ్గా స్టార్ట్ కావడానికి పనికొచ్చేవి అవే. మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారి కార్బ్యురేటర్ సన్నని రంధ్రాలకు పట్టేస్తాయి. కలిపిన మిశ్రమాన్ని 30 రోజుల్లోపే వాడమని చెప్పేది ఇందుకే.

వానాకాలంలో ఇంకో ప్రమాదం ఉంది. ఇథనాల్ నీటిని ఆకర్షిస్తుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు ఇంచుమించు ఒక చెంచాడు నీటిని, అంటే 5 మిల్లీలీటర్లను తనలో కలుపుకోగలదు. ఈ20 ఇంకొంచెం ఎక్కువ కలుపుకుంటుంది. వానలో మూత తీయడం వల్లనో, తడి డబ్బా వల్లనో ఆ హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. 2టీ ఆయిల్ పైనున్న పెట్రోలులో ఉండిపోతుంది. చైన్‌సా టాంకులో ఇంధనాన్ని లాగే గొట్టం కొస అడుగునే ఉంటుంది కదా! అంటే ఆయిల్ లేని ద్రవం ఇంజనులోకి వెళ్తుంది. టూ-స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో కలిపిన ఆయిలే కందెన. అది లేకపోతే పిస్టన్ గీతలు పడి సిలిండరులో బిగుసుకుపోతుంది. ఎంత ఆక్టేన్ ఉన్నా దాన్ని కాపాడలేదు.

ఇంతకీ ఆయన కొన్న పెట్రోలు తప్పు కాదు. ఆ పాత మిషన్‌కి ఇథనాల్ లేని తాజా పెట్రోలే తగినది. అయితే మేలు చేసింది బంకు మీద రాసిన 100 కాదు. ‘అయితే ఏంటి, పని జరిగింది కదా’ అనుకోవచ్చు. నంబరునే నమ్మితే రేపు ఆయన డబ్బు మిగిలించుకోవడానికి ఇథనాల్ ఉన్న 95 ప్రీమియం కొంటారు. లాభం ఉండదు. లేదా వంద నంబరు కలిపి రెండు నెలలు డబ్బాలో ఉంచుతారు. అదీ మొరాయిస్తుంది. చివరికి మిషన్ బిగుసుకుపోతే పిస్టన్, సిలిండర్ ఖర్చు తన కూలిలోంచే కోస్తారని ఆయనే చెప్పారు.

ఢిల్లీకి తెలిసిన పాఠమే

‘ఎక్కువైతే మంచిది’ అనే నమ్మకంతో ఢిల్లీకి పాత అనుభవం ఉంది. 1990లలో నగర రోడ్ల నిండా టూ-స్ట్రోక్ ఆటోలు, స్కూటర్లు. ఇంజను బాగుంటుందని డ్రైవర్లు పెట్రోలులో ఆయిల్ చేతికొచ్చినంత పోసేవారు. ఆయిల్ పూర్తిగా కాలక నీలి పొగ కమ్మేసేది. చివరికి బంకుల్లో విడి ఆయిల్ పోయడం మాని, కొలత ప్రకారం ముందే కలిపిన పెట్రోలునే టూ-స్ట్రోక్ వాహనాలకు ఇవ్వాలని 1998లో సుప్రీంకోర్టు ఆదేశాలతో నిర్ణయమైంది. గడువు ఆ ఏడాది డిసెంబరు 31.

ఆక్టేన్ కోసం చెల్లించిన మూల్యం అంతకన్నా పెద్దది. పెట్రోలులో టెట్రా ఇథైల్ లెడ్ కలిపితే నాకింగ్ తగ్గుతుందని 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్లీ కనుగొన్నారు. చవకగా ఆక్టేన్ పెరిగింది. దాంతోపాటు పొగ గొట్టాల నుంచి సీసం వెలువడి పిల్లల మెదళ్లను దెబ్బతీసింది. ఢిల్లీలో సీసం పెట్రోలు 1998 సెప్టెంబరులో, దేశమంతటా 2000 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ప్రపంచంలో వాహనాలకు దాని అమ్మకం చివరిసారిగా ఆగింది 2021లో, అల్జీరియాలో. ఆక్టేన్ ఎన్నడూ ఊరికే రాలేదు. దేనితో పెంచారన్నదే ఎప్పుడూ అసలు ప్రశ్న. ఇప్పుడు ఆ పాత్రలో ఇథనాల్ ఉంది. దాని రాన్ 108 దరిదాపుల్లో ఉంటుంది. సీసంలా విషం కాదు, చమురు దిగుమతినీ తగ్గిస్తుంది. కానీ చిన్న ఇంజన్లకు దాని లెక్కలు దానికున్నాయి.

న్యాయంగా పోల్చడం ఎలా?

ఎవరైనా రెండు పెట్రోళ్లను చైన్‌సాలో నిజంగా పోల్చి చూడాలనుకుంటే ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. ఒక నియమం చాలు: ఒకసారికి ఒక్కటే మార్చాలి.

మొదట రెండు పెట్రోళ్లనూ అదే రోజు కొని, అదే ఆయిల్‌ను అదే కొలతలో కలపాలి. ఇలా చేస్తే వయసు తేడా పోతుంది. ఒకే మందం ఉన్న ఒకే మానును ఎంచుకోవాలి. మొదటి కోతకూ పదో కోతకూ మధ్య గొలుసు పళ్లు మొద్దుబారతాయి కాబట్టి, ఒక పెట్రోలుతో అయిదు కోతలు వరసగా కోసి తర్వాత రెండోది అందుకుంటే రెండోదానికి అన్యాయం జరుగుతుంది. ఒకటి దీనితో, ఒకటి దానితో మార్చి మార్చి కోయాలి. టాంకు మార్చినప్పుడల్లా కార్బ్యురేటర్‌లో మిగిలిన పాత ఇంధనం అయిపోయే దాకా నడిపి, ఇంజను బాగా వేడెక్కాకే సమయం కొలవాలి. ఏ డబ్బాలో ఏది ఉందో కోసేవారికి తెలియకూడదు. చెట్టు మీదకు వంగిన చెయ్యి నమ్మకంతో కాస్త గట్టిగా నొక్కుతుంది మరి!

అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి ఇంధనానికీ కార్బ్యురేటర్‌ను మెకానిక్ చేత మీటరు పెట్టి సరిచేయించాలి. సరిచేయకుండా పోలిస్తే మీరు కొలిచేది స్క్రూల తేడాను. సరిచేశాక కూడా తేడా కనిపిస్తే అప్పుడు ఆక్టేన్ గురించి మాట్లాడవచ్చు. పైన వేసిన లెక్కలను బట్టి చూస్తే, 90 దాటిన ఏ రెండు పెట్రోళ్ల మధ్యా అలాంటి తేడా మానులో కనిపించేంత ఉండకూడదు.

ఇక్కడ చెవిని నమ్మకండి. కారులో నాకింగ్ ‘టకటక’ వినిపిస్తుంది. చైన్‌సా శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకు రక్షణ పెట్టుకునే నడపాలి. ఆ హోరులో నాకింగ్ వినబడదు. పిస్టన్ విప్పి చూసినప్పుడే తెలుస్తుంది.

పనికొచ్చే మాటలు

• మిషన్ మాన్యువల్‌లో రెండు సంఖ్యలు చూడండి: కనీస ఆక్టేన్, గరిష్ఠ ఇథనాల్ శాతం. ఢిల్లీ బంకుల్లో మొదటిది మామూలు పెట్రోలుతోనే నెరవేరుతుంది. ఆలోచించాల్సింది రెండోదాని గురించే.

• గరిష్ఠ ఇథనాల్ 10 శాతం అని ఉంటే ఇథనాల్ కలపని పెట్రోలు వెతకండి. ‘ప్రీమియం’ అన్నవన్నీ ఇథనాల్ లేనివి కావు. బంకులో అడిగి నిర్ధారించుకోండి. మామూలు పెట్రోలు లీటరు 95 రూపాయల దగ్గర ఉన్నప్పుడు ఢిల్లీలో ఎక్స్‌పీ100 ధర 160 రూపాయల దరిదాపుల్లో ఉంది. ఆ అదనపు 65 రూపాయలు ఎందుకు ఇస్తున్నామో తెలిసి ఇవ్వడం మంచిది.

• ఇంధనం రకం మార్చితే కార్బ్యురేటర్ సరిచేయించండి. ఈ20కి సరిచేసిన మిషన్‌లో ఇథనాల్ లేనిది పోస్తే ఈసారి పెట్రోలు ఎక్కువై పొగ కక్కుతుంది, ప్లగ్ మసిబారుతుంది.

• ఆయిల్ కొలిచి కలపండి. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. మీ ఆయిల్‌కూ మిషన్‌కూ ఏది చెప్పారో అదే.

• నెలకు సరిపడా మాత్రమే కలపండి. డబ్బా మీద తేదీ రాయండి. పని లేని కాలంలో టాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట ఆగే దాకా నడిపి పెట్టండి.

ఈ చివరి మాట విపత్తు సహాయ బృందాలకు మరీ ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరంలో చెట్లు కుప్పకూలి రోడ్లు మూసుకుపోయాయి. అలాంటి రోజు ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి వస్తుంది. అప్పటిదాకా మిషన్ గదిలో మూల పడి ఉంటుంది. టాంకులో పాత పెట్రోలు ఉంటే, కావలసిన ఆ ఒక్క రోజునే అది మొరాయిస్తుంది.

వేపమాను ముక్కలన్నీ లారీకెక్కాక ఆ పెద్దాయనతో ఈ లెక్కలు కొన్ని చెప్పాను. మెగాజౌళ్ల దగ్గర ఆయన నవ్వేశారు. కానీ ‘హోలీ ముందు కలిపిన’ డబ్బా మాట వచ్చేసరికి ఆగి ఆలోచించారు. కుర్రాడిని పిలిచి, కొత్త డబ్బా మీద బొగ్గుముక్కతో ఆ రోజు తేదీ రాయించారు.